బహిరంగం అంటే ఎవరి రంగం?

(పల్లె చర్చి ముందు ఆదివారం రాత్రి జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మీరు రాసిన పుస్తకం సంగతి చెప్పండి" అని మమ్మల్ని పిలిచారు. అది పుస్తకం కాదు. యూనివర్సిటీ వాళ్లు సిద్ధాంత వ్యాసం అంటారు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలూ ఆదివారాలూ కూర్చుని అయిదేళ్లు రాశాం. పదిమందిలో మాట్లాడే మాట ఎట్లా పనిచేస్తుంది, ఎవరి మాట నెగ్గుతుంది, ఎవరి మాట నేల రాలుతుంది అన్నదే విషయం. ఒకప్పుడు రచ్చబండ దగ్గర, తర్వాత పత్రికల్లో, ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోన్లో. అట్ట మీద పేరు ఒక్కటే ఉంది గాని అందులోని మాటలిచ్చింది ఈ పల్లె. అందుకే "మేము" అంటున్నాం. ఈ "మేము" మీద కూడా ఒక గొడవ జరిగింది. తర్వాత చెప్తాం.

ఇక్కడున్న మీకందరికీ తెలిసిన సంగతే, పత్రికలో చదివేవాళ్ల కోసం ముందు చెప్పాలి. మన ఊరి పేరుతో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మీలో చాలామంది అందులో ఉన్నారు. కొందరు ఉండేవాళ్లు. మూడేళ్ల కిందట ఎండాకాలంలో మన పల్లెకు వచ్చే నీళ్ల పైపు పగిలి పదకొండు రోజులు నీళ్లు రాలేదు. ఊళ్లోకి వస్తున్నాయి, పల్లెకు రావట్లేదు. డిగ్రీ చదివే మన పిల్ల ఒకతి గ్రూపులో ఒక్క వాక్యం పెట్టింది: "మా పల్లెకు పదకొండు రోజుల నుంచి నీళ్లు రావట్లేదు, దయచేసి పైపు బాగు చేయించండి." అంతే. కులం పేరెత్తలేదు. ఎవర్నీ ఏమీ అనలేదు. దయచేసి అని కూడా పెట్టింది.

దానికి వచ్చిన జవాబులు మేము వరసగా రాసుకున్నాం. ఒకాయన "ఇక్కడ కులాలు తేవద్దమ్మా, మనమంతా ఒక ఊరివాళ్లం" అన్నాడు. తెచ్చిందెవరు? ఇంకొకాయన "పెద్దవాళ్లున్న గ్రూపులో మర్యాదగా అడగడం నేర్చుకో" అన్నాడు. ఒకడు ఇళ్ల స్థలాల లెక్క, ఒకడు రేషన్ బియ్యం లెక్క, ఒకడు రిజర్వేషన్ల లెక్క తీశాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఊరి కుర్రాడొకడు మెరిట్ గురించి పెద్ద ఉపన్యాసం పెట్టాడు. పైపు పగిలిన చోటికీ మెరిట్‌కీ ఏం సంబంధమో మాకు ఈనాటికీ అర్థం కాలేదు. నీళ్ల మాట ఎత్తినవాళ్లను చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాయంత్రానికి ఒకడు కులం పేరు పెట్టి బూతు తిట్టు పెట్టాడు. కాసేపటికి తీసేశాడు. ఆ తర్వాత గ్రూపులోంచి తీసేసింది ఎవర్ని? తిట్టినవాణ్ణి కాదు, నీళ్లు అడిగిన పిల్లని.

అప్పటిదాకా మేము పత్రికల భాష మీదా పాత ఉపన్యాసాల మీదా రాస్తున్నాం. ఆ రాత్రి ఆ పిల్ల మా ఇంటికొచ్చి ఫోను ముందు పెట్టి, "మాస్టారూ, మీరు రాస్తున్నది ఇదే కదా" అంది. అవును, ఇదే. అక్కడి నుంచి మా వ్యాసం దారి మారింది.

మాటలతో ఎదుటివాణ్ణి ఒప్పించే విద్య గురించి గ్రీకు దేశంలో అరిస్టాటిల్ క్రీస్తుకు ముందు నాలుగో శతాబ్దంలోనే పుస్తకం రాశాడు. ఎవరు ఈ విషయం మీద పరిశోధన చేసినా అక్కడి నుంచి మొదలుపెట్టమంటారు. మేమూ చదివాం. ఆయన చెప్పింది తీసివేయదగ్గది కాదు. మాట నెగ్గడానికి మూడు ఉండాలన్నాడు: చెప్పేవాడి మీద వినేవాడికి గురి, వినేవాడి మనసు కదలడం, చెప్పిన దాంట్లో తర్కం. సరే. కానీ ఆయన ఉన్న ఏథెన్స్ సభలో బానిసలు లేరు, ఆడవాళ్లు లేరు, బయటి నుంచి వచ్చి బతికేవాళ్లు లేరు. చెప్పేవాడి మీద గురి అన్నది ఈ దేశంలో ఎట్లా పుడుతుంది? నోరు తెరవక ముందే, ఎవరి కొడుకు, ఏ పల్లె అన్న దాంట్లోనే పుడుతుంది, చస్తుంది. మన పిల్ల చెప్పిన దాంట్లో తర్కం ఉంది, వినయం ఉంది. అయినా దాన్ని తూచినవాళ్లు ముందు ఆ పిల్ల ఇంటి పేరు తూచారు.

మన దేశంలో మాత్రం వాదం గురించి రాయలేదా? రాశారు. న్యాయసూత్రాల్లో మూడు రకాలు చెప్పారు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ చెప్పేదేమీ లేకుండా ఎదుటివాడి మాట పడగొట్టడానికే చేసేది వితండం. వితండవాదం అనే మాట మన ముసలమ్మలు కూడా వాడతారు. గ్రూపులో మేము చూసింది ఆ మూడోది. నీళ్లు ఇస్తాం అనలేదు, ఇవ్వం అనలేదు. అడిగిన నోరు పడగొట్టారు. పేరు పెట్టడంలో వాళ్ల శాస్త్రం బాగానే పనికొచ్చింది మాకు. ఆ శాస్త్రం చదువుకున్న సభల్లో మన తాతలకు చోటు లేదన్నది వేరే సంగతి.

ఇక్కడే మాకు అసలు ప్రశ్న ఎదురైంది. యూనివర్సిటీ భాషలో దీన్ని "బహిరంగ చర్చ" అంటారు. బహిరంగం అంటే అందరిదీ. అందరూ రావచ్చు, అందరూ అడగవచ్చు. ఏ రోజున మనకట్లా ఉంది? రచ్చబండ బహిరంగమే, మన తాతలు దానికి ఎంత దూరంలో నిలబడేవాళ్లో ఇక్కడున్న పెద్దవాళ్లు చెప్తారు. చెరువు బహిరంగమే. మహద్ సంగతి చూడండి. 1923లో బొంబాయి శాసనమండలి సర్కారు చెరువులు, బావులు అందరికీ అని తీర్మానం చేసింది. 1924లో మహద్ మున్సిపాలిటీ తన చౌదార్ చెరువును తెరుస్తున్నానంది. కాగితం మీద తెరిచింది. మూడేళ్లు ఒక్క అంటరానివాడు దిగలేదు, దిగనివ్వలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్లి దోసిలితో నీళ్లు తాగారు. కర్రలతో మీదపడి కొట్టారు. తర్వాత చెరువును పంచగవ్యంతో శుద్ధి చేశారు. ఆ పైన కోర్టుకు పోయి ఏం వాదించారనుకుంటున్నారు? ఇది అందరి చెరువు కాదు, మా సొంతం అన్నారు. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆ వాదన కొట్టేసే దాకా పదేళ్లు పట్టింది. పశువులు తాగేటప్పుడు బహిరంగం, మనం తాగేటప్పుడు సొంతం.

కారంచేడు కూడా నీళ్ల దగ్గరే మొదలైంది. తాగే చెరువులో పశువుల మురికి నీళ్లు కలుపుతుంటే మాదిగలు అడ్డం చెప్పారు. కొట్టబోతే ఒక మాదిగ తల్లి బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగురిని చంపారు. చుండూరు సినిమా హాల్లో మొదలైంది. టిక్కెట్టు కొన్నవాడెవడైనా కూర్చునే చోటు అది. మన కుర్రాడి కాలు ముందు సీట్లోవాడికి తగిలిందన్నారు. నెల తిరిగేసరికి, 1991 ఆగస్టు 6న, ఎనిమిదిమంది శవాలయ్యారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములనూ మరో నలుగురినీ హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టి, పరిపాలనా భవనానికీ నలుగురూ కలిసే చోట్లకూ గుంపుగా రావద్దని ఆంక్ష పెట్టారు. క్లాసుకు పోవచ్చట, పదిమందిలో కనపడకూడదట. వాళ్లు బయట టెంటు వేసుకుని దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. మేము చదివిన వందల పేజీల సిద్ధాంతాల కంటే ఆ ఒక్క పేరు ఎక్కువ చెప్పింది. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాక ఆయన రాసిపోయిన ఉత్తరం దేశమంతా చదివింది. తర్వాత ఏమైంది? ఉత్తరంలో ఏముంది అన్నది పక్కకుపోయి, రాసినవాడి కులం ఏది అన్నదాని మీద ఏళ్ల తరబడి చర్చ నడిపారు. నీళ్లడిగిన పిల్ల ఇంటి పేరు తూచిన తక్కెడే ఇక్కడా వాడారు.

వాక్యం గురించి కొంచెం చెప్పాలి. మేము తెలుగు పంతుళ్లం, వాక్యం కనపడితే కర్త ఎక్కడ అని వెతికే జబ్బు ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకు కర్మణి వాక్యం చెప్తాం: "రావణుడు రాముని చేత చంపబడ్డాడు." చూడండి, ఎంత తిప్పి రాసినా "రాముని చేత" అని చంపినవాడు అందులో ఉన్నాడు. పత్రికల్లో మనమీద వచ్చే వాక్యం వేరు. "దళితులపై దాడి జరిగింది." వాన పడింది, తెల్లారింది అన్నట్టు జరిగింది. ఎవరు చేశారు? లేడు. "ఇరువర్గాల మధ్య ఘర్షణ." ఒక వర్గం ఆస్పత్రిలో, ఇంకో వర్గం అరుగుల మీద, అయినా ఇరువర్గాలే. బడిలో పిల్లవాడు కర్త లేకుండా వాక్యం రాస్తే మార్కు తీసేస్తాం. ఫోన్లోనూ అదే తీరు. "కొందరు చిచ్చు పెడుతున్నారు", "ఊరి ప్రశాంతత దెబ్బతింటోంది." ఈ "కొందరు" ఎప్పుడూ మనమే. తిట్టినవాడు మాత్రం ఎప్పుడూ కర్తగా రాడు. "ఏదో నోరు జారింది" అంటారు. నోరే జారింది, మనిషి జారలేదు.

మేము చెప్పుకోదగ్గ ఉదాహరణ ఇంకొకటి ఉంది. మా వ్యాసంలో పెద్ద అధ్యాయం దాని మీదే రాశాం. అది జరగని ఉపన్యాసం. 1936లో లాహోరులో జాత్ పాత్ తోడక్ మండల్ అనే హిందూ సంస్కర్తల సంఘం తమ వార్షిక సభకు బాబాసాహెబ్‌ను అధ్యక్షుడిగా పిలిచింది. ఆయన ఉపన్యాసం రాసి ముందుగా పంపారు. వేదాలూ శాస్త్రాల మీద రాసినవి తీసెయ్యమన్నారు. ఒక్క కామా కూడా మార్చనన్నారాయన. సభే రద్దయింది. కులం పోవాలని సంఘం పెట్టుకున్నవాళ్లే వేదిక పీకేశారు. అప్పుడాయన సొంత డబ్బుతో 1500 ప్రతులు అచ్చువేశారు. అదే "కుల నిర్మూలన". రెండు నెలల్లో అమ్ముడైపోయింది. గాంధీగారు తన హరిజన్ పత్రికలో దాని మీద రాస్తూ, వెల ఎనిమిదణాలు ఎక్కువ, రెండణాలో నాలుగణాలో పెట్టాల్సింది అన్నారు. ఈ పక్షపత్రికకు చందా అడిగితే మనవాళ్లూ అదే అంటారు, అది వేరే సంగతి. మరుసటి ఏడాది రెండో ముద్రణలో బాబాసాహెబ్ ఏం చేశారంటే, గాంధీగారు తనను విమర్శిస్తూ రాసినది కూడా తన పుస్తకంలోనే వేసి, పక్కనే తన జవాబు వేశారు. ఎదుటివాడి మాట తీసెయ్యలేదు. గ్రూపులోంచి తీసెయ్యడానికీ దీనికీ తేడా చూడండి. అంతకు ముందు 1920లో ఆయన "మూక్‌నాయక్" పెట్టినప్పుడు, డబ్బులిస్తాం మా పత్రిక ప్రకటన వెయ్యండంటే తిలక్‌గారి కేసరి వెయ్యలేదు. మూక్‌నాయక్ అంటే మూగవాళ్ల నాయకుడు. మూగవాళ్లు ఎట్లా మూగవాళ్లయ్యారో ఆ ఒక్క సంగతిలో ఉంది.

తెలుగులోనూ మనవాళ్లు ఈ పని చేశారు. 1917 నవంబరులో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభ అని పెడితే, అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మగారు పంచమ అన్న పేరే ఒప్పుకోలేదు. అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. ఎజెండాలో మొదటి అంశం ముట్టకుండానే పేరు మారిపోయింది. 1941లో జాషువాగారు "గబ్బిలం" రాశారు. శివుడికి కబురు చెప్పమని గబ్బిలాన్ని ఎందుకు పంపారు? గుళ్లోకి మనిషికి దారి లేదు, గబ్బిలానికి ఉంది. వినేవాడు లేని చోట మాట ఎవరితో పంపాలి అన్న ప్రశ్న అది. మేము దాన్ని వ్యాసంలో పెడితే, "ఇది కావ్యం కదా, బహిరంగ చర్చ ఎట్లా అవుతుంది" అని అడిగారు.

ఇప్పుడు ఆ "మేము" గొడవ. మాకు మార్గదర్శిగా ఉన్న ఆయన చెడ్డవాడు కాదు. కానీ మొదటి అధ్యాయం చూసి ఎర్ర ఇంకుతో "మేము" అన్న చోటల్లా కొట్టేసి "పరిశోధకుడు" అని రాశాడు. "పరిశోధకుడు గమనించడమైనది." మళ్లీ కర్త పోయాడు, చూశారా! ఆవేశం తగ్గించమన్నాడు. మీ ఊరి గ్రూపు సంగతి పరిశోధనకు ఆధారం కాదు, అది మీ వ్యక్తిగత బాధ అన్నాడు. అగ్రకులపు పండితుడు తన తాతగారి అగ్రహారం గురించి రాస్తే అది చరిత్ర. మనం మన పల్లె గురించి రాస్తే అది బాధ. ఆరు నెలలు వాదించాం. చివరికి ముందుమాటలోనూ అనుబంధంలోనూ "మేము" నిలిచింది. నడుమ అధ్యాయాల్లో మేమే కొట్టేసుకున్నాం. డిగ్రీ కావాలి కదా. అది ఓడిపోవడమే, దాచుకోవడానికేం లేదు. బాబాసాహెబ్ కామా మార్చలేదు, మేము ఒక సర్వనామం మార్చాం.

దీనికంటే కష్టమైన సంగతి ఇంకొకటి వచ్చింది. ఆ తిట్టు. వ్యాసంలో వెయ్యాలా వద్దా? ఆ పిల్లను అడిగాం. "నా వాక్యం వెయ్యండి మాస్టారూ, వాళ్ల తిట్టు మళ్లీ అచ్చెయ్యొద్దు. లైబ్రరీలో ఎవడో చదివి నవ్వుకుంటాడు" అంది. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. "పెట్టకపోతే అసలు అనలేదంటారు" అంది. ఇద్దరూ నిజమే చెప్పారు. వ్యాసంలో ఆ చోట ఖాళీ వదిలేశాం. ఫిర్యాదులో మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాశాం. పోలీసు కాగితంలో ఖాళీలు పనికిరావు.

ఫిర్యాదు సంగతి కార్యకర్తలు శ్రద్ధగా వినండి. అట్రాసిటీ చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)(ఆర్) కింద కించపరచడం, 3(1)(ఎస్) కింద కులం పేరుతో దూషించడం నేరాలు. రెండింటికీ ఒక షరతు ఉంది: పదిమంది కళ్ల ముందు, అంటే "పబ్లిక్ వ్యూ"లో జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అంటే ఈ సెక్షన్లు పట్టవని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. మేము వెళ్లిన స్టేషన్లో మొదటి మాటే అది. "ఇది గ్రూపు కదా, ప్రైవేటు. బహిరంగం ఎట్లా అవుతుంది?" వినండి! నీళ్లడిగినప్పుడు "పదిమందిలో పరువు తీశావు" అన్నారు, అప్పుడు బహిరంగం. తిట్టు మీద కేసంటే ప్రైవేటు. మహద్ చెరువు లెక్కే.

మేమేం చూపించామంటే, 2022 జూలైలో కేరళ హైకోర్టు ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఒక గిరిజన మహిళను అవమానించే ఇంటర్వ్యూ వీడియో యూట్యూబులో పెట్టారు. ఆమె ఎదురుగా లేనప్పుడు ఈ చట్టం వర్తించదని వాదించారు. వీడియో ఎవరు ఎప్పుడు తెరిచి చూసినా అది పదిమంది ముందు ఆమెను అన్నట్టేనని కోర్టు చెప్పి, ముందస్తు బెయిలు నిరాకరించింది. అయితే అది ఎవరైనా చూడగలిగిన వీడియో. మన గ్రూపులో ఎంతమంది ఉన్నారు, అందులో మన బంధువులు కానివాళ్లెవరు, ఆ మెసేజీ కళ్లారా చదివినవాళ్లెవరు అన్నది మనం చూపించాలి. అందుకని గ్రూపు సభ్యుల జాబితా కూడా ఫోటో తీసి ఇచ్చాం. "ముందు విచారించి చూస్తాం, తర్వాత ఎఫ్ఐఆర్" అన్నారు. 2018లో దేశమంతా బంద్ చేసి సాధించుకున్న 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టాం. రెండోసారి వెళ్తే రాసుకున్నారు. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గనివాళ్లు చెయ్యాలి, అది కూడా అడగండి.

ఇంకొక మాట. తిట్టు కనపడగానే మనవాళ్లు కోపంతో ఫోనులోంచి తుడిచేస్తారు. తుడవద్దు. నంబరు, తేదీ, టైము కనపడేట్టు స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఆ ఫోను మార్చకుండా ఉంచండి. ఫోన్లోది కోర్టులో సాక్ష్యం కావాలంటే దానితో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. పాతచట్టంలో అది 65బి, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్. మన పిల్ల విషయంలో ఆ తిట్టు తీసేసే లోపల స్క్రీన్‌షాట్ తీసింది ఎవరో తెలుసా? తొమ్మిదో తరగతి చదివే దాని తమ్ముడు. క్రికెట్ స్కోరు చూసుకుందామని ఫోను తీసినవాడు. కేసు ఇంకా నడుస్తోంది. రాజీకి కబుర్లు వచ్చాయి. ఆ ఇంటివాళ్లకు కూలికి పిలిచేవాళ్లు ఆ ఏడాది తగ్గారు, అదీ మీకు తెలుసు. నిలబడ్డారు.

పైపు పదహారో రోజున వేశారు. ఇప్పుడు పల్లెకు మనదే ఒక గ్రూపు ఉంది, ఊరి గ్రూపులో కూడా మనవాళ్లు ఉన్నారు. అక్కడ ఉండి ఏం లాభం, బయటికి వచ్చేద్దాం అని కుర్రాళ్లు అంటున్నారు. మేము ఒప్పుకోం. పంచాయతీ నీళ్ల సంగతి, ఉపాధి పనుల సంగతి అక్కడే చెప్తారు. అది పంచాయతీ చెరువు లాంటిదే, వదులుకుంటే వాళ్ల సొంతమైపోతుంది. దీనిమీద మీరు ఇప్పుడు మాట్లాడండి, మేము కూర్చుని వింటాం.

వ్యాసం ప్రతి ఒకటి అంబేద్కర్ భవనంలో పెట్టాం. చదవండి, చదవలేనివాళ్లకు పిల్లలు చదివి వినిపించండి. మూడో అధ్యాయంలో రచ్చబండ సంగతి తప్పు రాశామని మొన్న పెద్దమ్మ ఒకావిడ పట్టుకుంది. చెట్టు అవతల నిలబెట్టేవాళ్లని రాశాం. చెట్టు నీడ కూడా తగలకూడదు, పొద్దు తిరిగేకొద్దీ మేమూ జరిగేవాళ్లమని చెప్పింది. యూనివర్సిటీలో ఉన్న ప్రతి మార్చడానికి వీల్లేదట. ఇక్కడున్న ప్రతిలో ఆ పేజీలో ఆవిడ చెప్పింది పెన్నుతో రాశాం. ఇంకా తప్పులుంటే చెప్పండి, పక్కన ఖాళీ ఉంది.

జై భీమ్.